రాయి దొరికిన ఊరు, చెక్కిన ఊరు: 2008 నాటి ఒక లినక్సు ఉదంతం

శాసన పరిశోధకులకు ఒక జాగ్రత్త అలవాటుగా ఉంటుంది. ఒక రాతిపలక ఏ గుడిమెట్లలో దొరికితే ఆ గుడే దాని జన్మస్థానమని వారు వెంటనే తీర్మానించరు. రాళ్ళు కదులుతాయి. ఒక గుడి స్తంభం మరొక గుడికి మెట్టు కావచ్చు, కోటగోడలో ఇరుక్కోవచ్చు. కనుక రాయి దొరికిన ఊరు వేరు, చెక్కిన ఊరు వేరు అన్న అనుమానాన్ని చివరివరకూ నిలిపి ఉంచుకోవడమే ఆ శాస్త్రంలో మొదటి పాఠం.

నేను వృత్తిరీత్యా ప్రోగ్రాములు రాసేవాణ్ణి, ప్రవృత్తిరీత్యా చరిత్ర చదివేవాణ్ణి. ఈ రెండు లోకాలూ ఒకే పాఠం చెప్పిన సందర్భం ఒకటి ఉన్నది. అది 2008 శరత్కాలంలో లినక్సు కెర్నెలులో జరిగిన ఇ1000ఇ డ్రైవరు ఉదంతం. దానికి సంబంధించిన ప్రతి మార్పూ తేదీతో సహా భద్రంగా ఉన్నది. రాజవంశాల చరిత్ర రాసేవారికి ఇంత నికరమైన ఆధారాలు దొరకడం అరుదు. అందుకే దీన్ని సాంకేతిక వ్యాసంగా కాక చరిత్రగానే చెప్పదలిచాను. ప్రోగ్రాముల పరిచయం లేని మిత్రులు కూడా నాతో చివరిదాకా రాగలరని నమ్మకం.

రాతే చేత

రిజిస్టరు అనగానే మనకు కచ్చేరీ పుస్తకం గుర్తుకు వస్తుంది. అడంగలు, జనన మరణాల పట్టీ, బడిలో హాజరు పట్టీ వంటివి. అందులో ఏమి రాసినా రాసిన మాత్రాన పొలం కదలదు, పిల్లవాడు పుట్టడు. జరిగినదానికి అది సాక్ష్యం మాత్రమే.

కంప్యూటరు పరికరాలలోని రిజిస్టరు ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఇక్కడ రాతే చేత. నెట్‌వర్కు కార్డులో ఒక రిజిస్టరులో ఒక అంకె రాస్తే ఆ కార్డు ఒక పని చేస్తుంది. మరొక అంకె రాస్తే తనలోని శాశ్వత జ్ఞాపకాన్ని చెరిపివేస్తుంది. ప్రాసెసరు కంటికి మాత్రం ఈ రిజిస్టర్లన్నీ మామూలు జ్ఞాపకస్థానాల లాగానే, ఏవో కొన్ని చిరునామాల వద్ద కనబడతాయి. ఏ చిరునామా వెనుక నిర్జీవమైన జ్ఞాపకం ఉన్నదో, ఏ చిరునామా వెనుక మీట నొక్కితే కదిలే యంత్రం ఉన్నదో ప్రాసెసరుకు తేడా తెలియనవసరం లేదు. ఆ తేడా తెలిసి మెలగవలసినది డ్రైవరు.

ఇంకొక సూక్ష్మం ఉన్నది. మామూలు జ్ఞాపకంలో ఉన్న విలువను చదివి అదే విలువను తిరిగి అక్కడే రాస్తే ఏమీ మారదు. పరికరపు రిజిస్టరులో ఆ హామీ లేదు. ఒకటి రాస్తే సున్నా అయ్యే బిట్లుంటాయి, చదివినంతనే స్థితి మారే రిజిస్టర్లుంటాయి, రాయగానే పని మొదలుపెట్టే బిట్లుంటాయి. ఈ సూక్ష్మాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. కథంతా దీనిమీదనే నడుస్తుంది.

రాతతో యంత్రానికి హాని జరుగుతుందన్న భయం కొత్తది కాదు. కమొడోర్ పెట్ అనే తొలితరం గృహ కంప్యూటరులో 59458 అనే చిరునామాలో 62 అని రాస్తే తెర మీద అక్షరాలు వేగంగా పడేవి. తరువాత వచ్చిన నమూనాలలో తెర నడిపే సర్క్యూటు మారింది. అదే రాత అక్కడ తెరకే చేటు తేగలదని తేలింది. నిన్న ఉపకారం చేసిన వాక్యం నేడు శాపమైంది. వాక్యం మారలేదు, దాని వెనుక ఉన్న వస్తువు మారింది.

నష్టం

లినక్సు 2.6.26 కెర్నెలు 2008 జూలై 13న విడుదలయింది. దాని తరువాతి 2.6.27 కోసం పరీక్షా కూర్పులు వెలువడుతుండగా, సెప్టెంబరులో ఒక వార్త పాకింది. ఇంటెలు వారి 82566, 82567 నెట్‌వర్కు చిప్పులున్న యంత్రాలలో కొన్నింటికి హఠాత్తుగా నెట్‌వర్కు పోతున్నది. యంత్రాన్ని ఆపి వెలిగించినా తిరిగి రావడం లేదు. పాత కెర్నెలు వేసినా, మరొక నిర్వహణ వ్యవస్థ వేసినా ఫలితం లేదు.

కారణం త్వరలోనే కనబడింది. ఆ చిప్పుకు కరెంటు పోయినా చెరగని ఒక చిన్న జ్ఞాపకం ఉంటుంది. ప్రపంచంలో ఆ కార్డుకు మాత్రమే చెందిన ఆరు బైట్ల చిరునామా అందులోనే ఉంటుంది. అందులోని మొదటి 64 పదాలను కూడితే ఒక నిర్ణీత సంఖ్య రావాలి. ఆ సంఖ్యను పదహారంకెల పద్ధతిలో రాస్తే బి-ఏ-బి-ఏ అవుతుంది. ఇంజనీర్ల చమత్కారం అనుకోవచ్చు, మన కంటికి మాత్రం అది ‘బాబా’యే! ఆ మొత్తం సరిపోకపోతే డ్రైవరు ఆ కార్డును నడపడానికి నిరాకరిస్తుంది. నష్టపోయిన యంత్రాలలో ఆ మొత్తం సరిపోవడం లేదు. ఎవరో ఆ శాశ్వత జ్ఞాపకాన్ని పాడుచేశారు.

నష్టపోయినవారు ఎవరన్నది ముఖ్యం. వారు డబ్బు తీసుకొని పరీక్షించే ఉద్యోగులు మాత్రమే కారు. రేపటి కూర్పులో తప్పులుంటే నేడే పట్టుకుందామని తమ సొంత యంత్రాలలో పరీక్షా కూర్పులు వేసుకున్న స్వచ్ఛంద సేవకులు ఎందరో వారిలో ఉన్నారు. స్వేచ్ఛా సాఫ్టువేరు నడిచేది అటువంటివారి ఓపిక మీదనే. ఒక ఫైలు పోతే సహిస్తారు, యంత్రం మొరాయిస్తే తిరిగి వేసుకుంటారు. కానీ ప్రోగ్రాము వలన ఇనుము పాడయితే, ఇక రేపు ఎవరు పరీక్షిస్తారు? ఈ ఉదంతంలో పణంగా ఉన్నది కొన్ని కార్డులు కాదు, ఆ నమ్మకం.

అనుమానితులు

మొదటి అనుమానం సహజంగానే ఇ1000ఇ డ్రైవరు మీద పడింది. పాడయినది దాని చిప్పు, దాని జ్ఞాపకం. పైగా అది 2008 జనవరిలో వచ్చిన 2.6.24తో వేరుపడిన కొత్త డ్రైవరు. పేరే నేరమయింది. ఉబుంటు, ఫెడోరా, ఓపెన్ సుసె, మాండ్రివా వంటి పంపిణీల పరీక్షా కూర్పులు వాడేవారికి హెచ్చరికలు వెలువడ్డాయి. ఉబుంటు తన రాబోయే కూర్పులో ఆ డ్రైవరును తాత్కాలికంగా నిలిపివేసింది. అంతలో గ్రాఫిక్సు డ్రైవరు మీదకూ, తెర నడిపే ఎక్స్ సర్వరు మీదకూ కొందరి దృష్టి మళ్ళింది.

ఇటువంటి దోషాన్ని వెదకడంలో ఒక విచిత్రమైన చిక్కు ఉన్నది. సాధారణంగా కెర్నెలులో తప్పును పట్టడానికి మార్పుల వరుసను సగానికి విరుస్తూ పోతారు. ఈ సగంలో దోషం కనబడితే దీన్ని మళ్ళీ విరుస్తారు, లేకపోతే ఆ సగాన్ని విరుస్తారు. పది పదిహేను ప్రయత్నాలలో వేలాది మార్పులలోనుంచి ఒక్కటి తేలుతుంది. కానీ ఇక్కడ ‘దోషం కనబడింది’ అన్న ప్రతిసారీ ఒక కార్డు పాడయినట్లే. విషమో కాదో రుచి చూసి చెప్పవలసిన పరిస్థితి. దోషం ప్రతిసారీ కనబడేదీ కాదు. కనబడనంత మాత్రాన లేదని చెప్పడానికీ వీలులేదు.

అందుచేత అనుభవజ్ఞులు ఇచ్చిన మొదటి సలహా చాలా సాదాది. ఈథ్‌టూల్ అనే చిన్న పనిముట్టుతో కార్డు జ్ఞాపకాన్ని ఒక ఫైలులోకి ఎత్తి దాచుకొమ్మన్నారు. దాచుకున్నవారికి తిరిగి నింపుకొనే ఆశ మిగిలింది. మన తాళపత్రాల విషయంలో తరతరాలుగా జరిగినది కూడా ఇంతకంటె భిన్నం కాదు. ప్రతి రాసి పెట్టుకున్న ఇంట గ్రంథం నిలిచింది.

తాళం

ఇక్కడ నాకు ఈ చరిత్రలో అన్నింటికంటె నచ్చిన ఘట్టం వస్తుంది. దొంగ ఎవరో తెలియదు, అయినా ఇంటికి తాళం వేయవచ్చు కదా!

ఇంటెలు ఇంజనీర్లు ఆ పని చేశారు. ఆ చిప్పుసెట్లలో శాశ్వత జ్ఞాపకపు ఒక ప్రాంతాన్ని రాతనుంచి కాపాడే రిజిస్టరు ఒకటి, ఆ ఏర్పాటును మళ్ళీ మార్చకుండా బిగించే బిట్టు ఒకటి మొదటినుంచీ ఉన్నాయి. డ్రైవరు మేలుకోగానే నెట్‌వర్కుకు చెందిన ప్రాంతపు హద్దులను మొదటి రిజిస్టరులో రాస్తుంది, తరువాత బిగింపు బిట్టును పెడుతుంది. అంతే. అటుపై ఎవరు ఏ చెరుపు ఆజ్ఞ ఇచ్చినా హార్డువేరే దాన్ని పెడచెవిన పెడుతుంది. యంత్రాన్ని పూర్తిగా ఆపి వెలిగిస్తే తప్ప ఆ తాళం రాదు. రిజిస్టరు వలన వచ్చిన ఆపదకు రిజిస్టరే మందయింది. దానితోపాటు డ్రైవరులోని పరస్పర నిరోధక తాళాలలో ఉన్న కొన్ని సొంత లోపాలనూ సరిచేశారు. అవి నిజమైన లోపాలే, కానీ ఈ నష్టానికి మూలం అవి కావు.

ఈ రక్షణతో 2.6.27 కెర్నెలు 2008 అక్టోబరు 9న విడుదలయింది. అప్పటికి అసలు కారణం తేలలేదు. తెలియనిదాన్ని తెలిసినట్లు నటించకుండా, నష్టం జరిగే దారిని మాత్రం మూసివేసి ముందుకు నడిచారు.

చెక్కిన ఊరు

అసలు కారణం ఆ తరువాత కొద్ది రోజులకే బయటపడింది. అది నెట్‌వర్కుకు గానీ, తెరకు గానీ ఏ సంబంధమూ లేని చోట దాగి ఉన్నది.

2.6.27లో ఎఫ్‌ట్రేసు అనే కొత్త సదుపాయం ప్రవేశించింది. దాని కర్త స్టీవెన్ రాస్టెట్. కెర్నెలులో ఏ ఫంక్షను ఎప్పుడు నడుస్తున్నదో గమనించే పనిముట్టు అది. కంపైలరు చేత ప్రతి ఫంక్షను మొదట్లో ‘ఎంకౌంటు’ అనే ఒక పిలుపును చేర్పిస్తారు. గమనించనక్కరలేని వేళ వేలాది పిలుపులు వృథా భారం. కనుక నడుస్తున్న కెర్నెలులోనే ఆ అయిదు బైట్ల పిలుపును ఏ పనీ చేయని ఖాళీ ఆజ్ఞగా మార్చివేస్తారు. ఎలాగంటే, ఒక ఫంక్షను మొదటిసారి నడిచినపుడు దాని చిరునామా ఒక పట్టీకి ఎక్కుతుంది. సెకనుకు ఒకసారి మేలుకొనే ఒక కార్యకర్త ఆ పట్టీ చూసి, ఆయా చిరునామాలకు పోయి పిలుపులను చెరిపి వస్తాడు.

చిక్కు ఇక్కడ ఉన్నది. కెర్నెలులోకి వచ్చి చేరే మాడ్యూళ్ళలో ఆరంభంలో ఒక్కసారి మాత్రమే నడిచే భాగం ఒకటుంటుంది. పని ముగియగానే ఆ స్థలాన్ని వదిలివేస్తారు. అది నడిచినపుడు దాని చిరునామా పట్టీకి ఎక్కుతుంది. స్థలం ఖాళీ అయినా పట్టీలో పేరు పోదు. 32 బిట్ల యంత్రాలలో మాడ్యూళ్ళకు స్థలమిచ్చే ప్రాంతమూ, పరికరాల రిజిస్టర్లను చూపే చిరునామాల ప్రాంతమూ ఒకటే. కనుక నిన్న మాడ్యూలు ఉన్న చిరునామాలో నేడు ఇ1000ఇ వారి శాశ్వత జ్ఞాపకాన్ని శాసించే రిజిస్టర్లు కాపురం పెట్టవచ్చు. పొలం చేతులు మారింది, అడంగలులో మాత్రం పాత పేరే ఉన్నది. కార్యకర్త ఆ అడంగలు పట్టుకొని పొలానికి బయలుదేరాడు.

ఎఫ్‌ట్రేసు కర్త ఈ ప్రమాదాన్ని ఊహించలేదనుకోరాదు, ఊహించాడు. ఆ చిరునామాలో ఏమీ లేకపోతే ప్రాసెసరు తప్పిదం ప్రకటిస్తుంది, దాన్ని పట్టుకొని నెమ్మదిగా వెనుదిరిగే ఏర్పాటు చేశాడు. మరొక కోడు వచ్చి కూర్చుంటే? ఆ అవకాశానికీ జవాబు ఉన్నది. మార్పు కోసం వాడిన ‘పోల్చి మార్చు’ అనే ఆజ్ఞ, ముందు అక్కడ ఉన్నది తాననుకున్న పిలుపేనా అని చూస్తుంది. సరిపోలితేనే కొత్త విలువ రాస్తుంది. సరిపోలకపోతే పాత విలువను అలాగే ఉంచుతుంది. ఇంతకంటె ఏమి జాగ్రత్త కావాలి?

కానీ ‘అలాగే ఉంచుతుంది’ అన్న మాటలోనే మెలిక ఉన్నది. ఎక్స్86 ప్రాసెసర్లలో ఆ ఆజ్ఞ పోలిక విఫలమైనా రాయడం మానదు. చదివిన పాత విలువనే తిరిగి రాస్తుంది. ప్రాసెసరు కరదీపికలోనే ఆ సంగతి ఉన్నది. మామూలు జ్ఞాపకంలో అది ఎవరికీ కనబడని రాత. పరికరపు రిజిస్టరులో అది ఆజ్ఞ. మొదట నేను గుర్తుంచుకొమ్మన్న సూక్ష్మం ఇదే. తన పొలం కాదని గ్రహించి వెనుదిరిగిన కార్యకర్త, పోతూ పోతూ అక్కడి మీటను తాకి పోయాడు.

రాయి దొరికినది నెట్‌వర్కు కార్డులో, చెక్కినది ఎఫ్‌ట్రేసు పట్టీలో. 2008 అక్టోబరు 15న వెలువడిన 2.6.27.1 కూర్పులో ఆ సదుపాయాన్ని వాడరానిదిగా గుర్తించి నిలిపివేశారు.

సంస్కరణ

చిన్న అతుకు వేసి వదిలివేయకుండా రాస్టెట్ ఆ నిర్మాణాన్నే మార్చాడు. 2008 డిసెంబరులో వచ్చిన 2.6.28లో సెకనుకొకసారి తిరిగే కార్యకర్త లేడు. పిలుపులు ఎక్కడెక్కడ ఉన్నాయో కంపైలు చేసేటప్పుడే పట్టీ కడతారు. ఆరంభంలో నడిచి మాయమయ్యే భాగాలను ఆ పట్టీకి ఎక్కించరు. కెర్నెలు మేలుకొనేటప్పుడు, మాడ్యూలు వచ్చి చేరేటప్పుడు, ఆ కోడు ఇంకా నడవకముందే మార్పులు ముగిస్తారు. ‘పోల్చి మార్చు’ స్థానంలో మూడు విడివిడి అడుగులు వచ్చాయి: ముందు జాగ్రత్తగా చదువు, తరువాత పోల్చు, సరిపోలితేనే రాయి. చదవలేకపోతే ఒక తప్పిదం, సరిపోలకపోతే మరొకటి, రాయలేకపోతే ఇంకొకటి. ఏ అడుగున ఆగిందో స్పష్టంగా తెలుస్తుంది. అనుమానం వస్తే ఎఫ్‌ట్రేసు తనను తానే నిలిపివేసుకుంటుంది.

ఈ కథకు ఒక ఉత్తరకాండ ఉన్నది. యంత్రాన్ని ఆపకుండానే నడుస్తున్న కెర్నెలుకు భద్రతా సవరణలు వేసే సదుపాయం 2015 ఏప్రిలులో 4.0 కూర్పుతో లినక్సులోకి వచ్చింది. పాత ఫంక్షను మొదట్లోనే దారి మళ్ళించి కొత్తదానివైపు పంపడానికి అది ఆధారపడినది ఎఫ్‌ట్రేసు మీదనే. ఒకనాడు యంత్రాలను పాడుచేసిన యంత్రాంగమే మరొకనాడు యంత్రాలను ఆపకుండా బాగుచేసే పునాది అయింది.

చరిత్ర ఏమి రాసుకోవాలి

ఇటువంటివి మరికొన్ని జరిగాయి. 2003లో మాండ్రేక్ 9.2 వేసినప్పుడు కొన్ని ఎల్జీ సీడీ డ్రైవులు పాడయ్యాయి. కెర్నెలు పంపినది ‘దాచుకున్నది రాసివేయి’ అన్న నిర్దోషమైన ఆజ్ఞ. ఆ డ్రైవులు దాన్ని తమ ఫర్మువేరును మార్చే ఆజ్ఞగా అర్థం చేసుకున్నాయి. 2013లో కొన్ని శాంసంగ్ లాప్‌టాపులు లినక్సు వేయగానే మూర్ఛపోయాయి. మొదట నింద ఒక డ్రైవరు మీద పడింది. ఫర్మువేరు తన శాశ్వత జ్ఞాపకాన్ని నిర్వహించే తీరులోనే లోపమున్నదని, విండోసు నుంచి కూడా అదే స్థితి తెప్పించవచ్చని తరువాత తేలింది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది. మన చరిత్రలు కారణం కనుగొన్నవాడిని మాత్రమే స్మరిస్తాయి. 2008 ఉదంతాన్ని చెప్పుకునేవారు కూడా ‘పోల్చి మార్చు’ ఆజ్ఞలోని మెలికనే చెప్పుకుంటారు, అందులో డిటెక్టివు కథ ఉన్నది కనుక. కానీ కారణం తెలియకముందే తాళం వేసినవారి పనికి తక్కువ విలువ ఇవ్వడం న్యాయం కాదు. అక్టోబరు 9 నుంచి 15 వరకు ఆ కెర్నెలు వేసుకున్నవారి కార్డులను కాపాడినది జ్ఞానం కాదు, జాగ్రత్త. కలరాకు కారణమైన క్రిమి మీద ఏకాభిప్రాయం కుదరకముందే, 1854లో లండనులో జాన్ స్నో సలహా మీద బ్రాడ్ స్ట్రీటు పంపు పిడి తీసివేశారు. ఆ పిడి తీయడమూ, ఈ తాళం వేయడమూ ఒకే కోవకు చెందిన పనులు.

ఇంకొక మాట. ఇ1000ఇ రాసినవారు నెలరోజులపాటు తమది కాని నేరానికి జవాబు చెప్పారు. ‘మా తప్పు కాదు’ అని చేతులు దులుపుకోకుండా తమ డ్రైవరులోని లోపాలను దిద్దుకున్నారు, తమ ఇంటికి తాళం వేసుకున్నారు. తప్పు తనదని తేలిన తరువాత ఎఫ్‌ట్రేసు కర్త దాన్ని దాచలేదు, నిర్మాణం మార్చి చూపించాడు. ఈ రెండు మర్యాదలూ లేకపోయి ఉంటే, పరీక్షకు యంత్రాలిచ్చిన ఆ అజ్ఞాత సేవకులు మళ్ళీ ముందుకు వచ్చేవారని నేను అనుకోను.

పట్టీలో పేరున్నంత మాత్రాన పొలం మనది కాదు. తాకకుండా చూడడం అన్నింటా సాధ్యం కాదు. శాసనాలు చదివేవారికీ, డ్రైవర్లు రాసేవారికీ ఈ రెండు మాటలూ సమానంగానే వర్తిస్తాయని నా అభిప్రాయం. మిత్రులకు ఇటువంటి ఉదంతాలు మరేమైనా తెలిసి ఉంటే తెలుపగలరు. ముఖ్యంగా నింద ఒకచోట పడి, మూలం మరొకచోట తేలినవి.